సరంగు సింహాద్రి స్వీయ మరణ వాంగ్మూలం

ఓలేటి సింహాద్రి తాను చనిపోయిన సంగతి మంగళవారం ఉదయం ఏడూ పదికి, ఉప్పు లేని ఉప్మా తింటూ ఉండగా తెలుసుకున్నాడు.

ఫోను టింగుమంది. కళ్ళజోడు పెట్టుకుని చదివాడు.

"గౌరవనీయులైన ఓలేటి సింహాద్రి గారికి, మీ మరణానికి మిక్కిలి చింతిస్తున్నాము. మీ హృదయదూత సేవ ఇంతటితో విజయవంతంగా ముగిసింది. మా సేవలకు మీరు ఎన్ని నక్షత్రాలు ఇస్తారు?"

రెండోసారి చదివాడు. ఎడం చెయ్యి ఛాతీ మీద వేసుకుని చూసుకున్నాడు. లోపల గుండె తన పని తాను చేసుకుపోతూనే ఉంది. ఇంకో ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. చప్పగా ఉంది. పోయినవాళ్ళకి గారెలూ బూరెలూ పెడతారు గానీ ఇలాంటి ఉప్మా ఎవరూ పెట్టరు కాబట్టి తాను బతికే ఉన్నట్టు ఒక నిర్ణయానికి వచ్చాడు.

కానీ ఆ నిర్ణయం అతనొక్కడిదే. ఆసుపత్రి నిర్ణయం వేరు.

అసలు సంగతి తెలియాలంటే మూడు నెలలు వెనక్కి వెళ్ళాలి. సింహాద్రి పంటు సరంగు. గోదావరిలో కొత్తలంకకీ అవతలి రేవుకీ మధ్య మనుషుల్నీ మోటారు సైకిళ్ళనీ అరటిగెలల వ్యాన్లనీ దాటించే పంటుకి ఇరవై ఆరేళ్ళుగా చుక్కాని పట్టేది అతనే. మాఘమాసంలో ఒక మధ్యాహ్నం, సరిగ్గా నది మధ్యలో, ఎవరో లోపల్నుంచి పిడికిలితో గుద్దినట్టయింది. చెమటలు కారుతున్నా చుక్కాని వదల్లేదు. నలభై మంది జనంతో, రెండు వ్యాన్లతో పంటుని రేవుకి చేర్చి, తాడు గుంజకి కట్టించి, అప్పుడు కూర్చున్నాడు. కూర్చున్నవాడు లేవలేదు. జనమే మోసుకెళ్ళి పట్నంలో పెద్ద గుండె ఆసుపత్రిలో పడేశారు. డాక్టర్ వసుంధర మణికట్టు దగ్గర్నుంచి ఒక స్టెంట్ పంపించి, మూసుకుపోయిన రక్తనాళాన్ని తెరిచింది. నాలుగో రోజుకి మనిషి లేచి తిరిగాడు.

అంతవరకూ వైద్యం. ఆ తర్వాత పక్క గదిలోకి పంపారు. అక్కడ హేరంబమూర్తి ఉన్నాడు.

హేరంబమూర్తి దూర పర్యవేక్షణ విభాగాధిపతి. ఏదో ప్రభుత్వ శాఖలో ముప్ఫై ఏళ్ళు ఉత్తర్వులు రాసి రిటైరై, ఆ ఉత్తర్వుల భాషని ఒంటి మీదే వేసుకుని ఈ ఆసుపత్రికి వచ్చాడు. దాహమేస్తే జలపానము ఆవశ్యకమైనది అంటాడు. భోజనానికి వస్తున్నారా అని భార్య ఫోను చేస్తే పరిశీలించబడును అని పెట్టేస్తాడు. ఆయన నోట మామూలు తెలుగు మాట విన్నవాళ్ళు ఆ ఆసుపత్రిలో లేరు.

ఆయనే సింహాద్రి ఫోనులో హృదయదూత అనే యాప్ పెట్టించాడు. నామినీగా భార్య నూకరత్నం పేరు కూడా అందులోకి ఎక్కించాడు. రోజూ ఉదయం ఏడింటికి ఫోను ఎలా ఉన్నారని అడుగుతుంది, రోగి తన సొంత మాటల్లో చెప్పాలి, యంత్రం విని రాసుకుంటుంది. యంత్రానికి తెలుగు వచ్చా అని సింహాద్రి సందేహంగా అడిగితే, మొత్తం నిఘంటువు మేపించామన్నాడు. గోడ మీద పెద్ద అక్షరాల్లో సంస్థ నినాదం చూపించాడు: రోగి మాటే వేదం. డాక్టరు పొరబడవచ్చు, పరీక్ష పొరబడవచ్చు, తన శరీరాన్ని గురించి రోగి స్వయంగా పలికిన మాట పొరబడదు. తొంభై రోజులు సవ్యంగా నడిస్తే ఫిట్‌నెస్ పత్రం దానంతటదే వస్తుంది. ఆ పత్రం లేనిదే రేవు కాంట్రాక్టరు సింహాద్రిని చుక్కాని ముట్టుకోనివ్వడు.

కాంట్రాక్టరు గడువు కూడా పెట్టాడు. శుక్రవారం సాయంత్రం నాలుగింటికి పత్రం తన చేతిలో ఉండాలి. లేకపోతే చుక్కాని శాశ్వతంగా చిట్టెయ్యది. చిట్టెయ్య నూకరత్నం తమ్ముడు, సింహాద్రికి బావమరిది. ఈ మూడు నెలలూ తాత్కాలికంగా పంటు నడుపుతున్నది అతనే. ఒక చేత్తో చుక్కాని, ఒక చేత్తో ఫోను. సూర్యాస్తమయం బాగుంటే వీడియో తీసుకోడానికి అటే తిప్పుతాడు. రేవు గుంజల్ని ఇప్పటికి మూడుసార్లు గుద్దాడు.

మొదట్లో సింహాద్రి యంత్రానికి నిజాయితీగానే జవాబు చెప్పేవాడు. పన్నెండో రోజున ఎలా ఉన్నారని అడిగితే, గట్టు మీద నిలబడి నది వైపు చూస్తూ, "ఇవాళ పోటు గట్టిగా ఉందమ్మా" అన్నాడు. సముద్రం నీరు నదిలోకి ఎగదన్నడాన్ని లంకల్లో పోటు అంటారు, తిరిగి లాగెయ్యడాన్ని పాటు అంటారు. యంత్రానికి తెలిసిన పోటు ఒకటే. నలభై నిమిషాల్లో అంబులెన్సు రేవుకొచ్చింది. పోటు ఎక్కడని వాళ్ళడిగితే సింహాద్రి గోదావరి వైపు చూపించాడు. వాళ్ళు గోదావరికి బీపీ చూడకుండా తిరిగి వెళ్ళిపోయారు గానీ, రికార్డులో 'రోగి సహకరించలేదు' అని ఎక్కింది.

ఆ రోజు నుంచి నూకరత్నం ఫోను తన చేతుల్లోకి తీసుకుంది. ఏడు కాగానే మొగుడి నోటికి అడ్డంగా ఫోను పెట్టి, బాగున్నాను అనే మాట తప్ప మరొకటి రాకుండా కాపలా కాసేది. డెబ్బై నాలుగు రోజులు అలా గడిచాయి.

ఎనభై ఏడో రోజు మంగళవారం. నూకరత్నం పాలకి వెళ్ళి, దారిలో ఎవరితోనో మాటల్లో పడింది. ఫోను అడిగింది. వైశాఖం ఎండ అప్పుడే చుర్రుమంటోంది. ఎదురుగా చిట్టెయ్య పంటుని అడ్డంగా తిప్పి, సెల్ఫీ తీసుకుని, మళ్ళీ నిలువుగా తిప్పుతున్నాడు. సింహాద్రి మనసులో ఉన్నది బయటికొచ్చేసింది.

పది నిమిషాల తర్వాత పోయాడు.

*

పదకొండింటికి ఆసుపత్రికి చేరాడు. ఒకప్పుడు కాలు పెట్టడానికి చోటుండని హాలు ఖాళీగా, తళతళలాడుతూ ఉంది. మధ్యలో పెద్ద బోర్డు. "నేటి రోగుల సంఖ్య: సున్నా. మనమంతా గర్విద్దాం." రోగులు లేని ఆసుపత్రికి ఇచ్చే జాతీయ పురస్కారం కోసం పోటీలో ఉన్నారట. వచ్చే నెల కమిటీ వస్తోందట. అందుకని రోగులెవరూ రాకుండా గేటు దగ్గర ఇద్దరు కాపలావాళ్ళని అదనంగా వేశారు.

కాపలావాడు సింహాద్రి ఫోను చూసి, మర్యాదగా, పోయినవాళ్ళకి వెనక గేటు అన్నాడు. వెనక గేటులో శవాగారం గుమస్తా రిజిస్టరు తెరిచి బాడీ ఏదని అడిగాడు. నేనే అన్నాడు సింహాద్రి. గుమస్తా అతన్ని ఎగాదిగా చూసి, నిలబడి వస్తే తీసుకోరని, పడుకుని రావాలని, పైగా మోసుకొచ్చే మనుషులు కనీసం ఇద్దరుండాలని చెప్పి రిజిస్టరు మూసేశాడు.

చివరికి వంటగది మెట్ల మీదుగా దూరి హేరంబమూర్తి గది చేరాడు.

"మీరు మరణించియున్నారు" అన్నాడు హేరంబమూర్తి తలెత్తకుండా.

"లేదండి. వచ్చానండి."

"వచ్చుటకును మరణించుటకును సంబంధము లేదు. ఈ స్వరము మీదేనా?" అని ఒక మీట నొక్కాడు. గదిలో సింహాద్రి గొంతు మోగింది.

"ఏం చెప్పమంటావు తల్లీ, ఉక్కకి చచ్చిపోయాను. చిట్టెయ్యగాడు పంటు నడపడం చూస్తుంటే గుండె ఆగిపోయింది."

"నాదేనండి" అన్నాడు సింహాద్రి.

"మొదటి వాక్యమున మరణము. రెండవ వాక్యమున కారణము. ఇంత సమగ్రమైన స్వీయ మరణ వాంగ్మూలము మా విభాగ చరిత్రలో లేదు. శిక్షణ తరగతులలో వినిపించుటకు అనుమతి కోరుచున్నాము."

సింహాద్రి బతిమాలాడు. అది మాటవరసకి అన్నదని, లంకలో మంచినీళ్ళు తాగినంత తేలిగ్గా రోజుకి పదిసార్లు చస్తారని చెప్పాడు. చివరికి గోడ మీది నినాదమే చూపించాడు. రోగి మాటే వేదమన్నారు కదా, ఆ రోగిని నేనే కదా, బతికున్నానని ఇప్పుడు చెబుతున్నాను కదా అన్నాడు. లాయరు కూడా ఇంత బాగా వాదించడని అతనికే అనిపించింది.

హేరంబమూర్తి మొదటిసారి తలెత్తాడు. ఎదుటివాడు వలలోకి తనంతట తనే నడిచొచ్చినప్పుడు కలిగే తృప్తి ఆ ముఖంలో ఉంది.

"రోగి మాట వేదము. నిజమే. కానీ మీరు రోగి కారు. మరణముతో రోగిత్వము రద్దగును. మరణానంతరము పలికిన మాట రోగి మాట కాజాలదు. సర్క్యులర్ పదిహేడు. రచన స్వయముగా నాదే."

మరి దారేమిటని అడిగితే, అభ్యంతరం నామినీ ద్వారా రావాలన్నాడు. విషాద పరామర్శ విభాగం నుంచి నామినీకి రోజుకి మూడుసార్లు ఫోను వస్తుంది. ఆమె ఏం చెబితే అది నమోదవుతుంది. ఇంక దయచేయవచ్చును, దివంగతులతో కార్యాలయ సమయమున సంభాషించుట ఆనవాయితీ కాదు.

వరండాలో డాక్టర్ వసుంధర ఎదురుపడింది. సంగతి విని, అటూ ఇటూ చూసి, పాత ఎక్స్‌రేలు పెట్టే గదిలోకి తీసుకెళ్ళింది. బీరువా వెనక నుంచి ఒక స్టెతస్కోపు తీసింది. సంక్రాంతి తర్వాత డాక్టర్ల దగ్గర స్టెతస్కోపులన్నీ వెనక్కి తీసేసుకున్నారు. చెవులతో విన్నదాన్ని 'అనధికారిక చప్పుడు' కింద లెక్కగడుతున్నారు. ఆమె శ్రద్ధగా విని, గుర్రంలా కొట్టుకుంటోంది, రేపే చుక్కాని పట్టొచ్చు అంది. ఆ ముక్క కాయితం మీద రాసివ్వమన్నాడు సింహాద్రి. ఆమె తల అడ్డంగా ఊపింది. యాప్ నుంచి రాని కాయితానికి రేవు కాంట్రాక్టరు దగ్గర విలువ ఉండదు.

"మీరొక్కరే కాదండీ" అంది వసుంధర. "మా సిబ్బందికి కూడా ఇదే పెట్టారు. ఏప్రిల్లో మా వార్డు నర్సులిద్దరు పోయారు. నైట్ డ్యూటీలు చెయ్యలేక చస్తున్నాం అన్నారు, అంతే. పాపం పోయాక కూడా డ్యూటీకి వస్తున్నారు. నేనూ ఒకసారి త్రుటిలో తప్పించుకున్నాను. ఈ ఆసుపత్రిలో ఒక్కసారి కూడా పోని మనిషి హేరంబమూర్తి గారొక్కరే."

"ఆయన గుండె అంత గట్టిదాండి?"

"గుండె కాదు. నోరు. ఆయన మామూలు తెలుగు మాట్లాడరు కదా."

సింహాద్రి ఆ మాట పట్టుకుని రేవుకి తిరిగొచ్చాడు.

*

నూకరత్నం మీద అతనికి చాలా నమ్మకం ఉండేది. డెబ్బై నాలుగు రోజులు నోరు జారకుండా కాపలా కాసిన మనిషి.

పరామర్శ ఫోను సాయంత్రం వచ్చింది. తీయటి ఆడగొంతు. మీ దుఃఖం ఒకటి నుంచి పది వరకు ఎంత అని అడిగింది. మా ఆయన బతికే ఉన్నాడమ్మా, ఎదురుగా కూర్చుని దోసకాయ కోస్తున్నాడు అని నూకరత్నం వివరంగా చెప్పింది. యంత్రం సానుభూతిగా, "మీరు మొదటి దశలో ఉన్నారు. దీన్ని నిరాకరణ అంటారు. ఇది సహజం" అంది.

మర్నాడు పొద్దున్న రెండో ఫోను. ఈసారి నూకరత్నం ఫోనుని సింహాద్రి మొహం దగ్గర పెట్టి మాట్లాడించింది. యంత్రం, "చనిపోయినవారి గొంతు వినబడుతున్నట్టు అనిపించడం కూడా సహజం" అంది.

మధ్యాహ్నం మూడో ఫోను. అప్పటికి బుధవారం ఎండ మాంచి కాక మీదుంది. చేపల పులుసు మాడింది. నిప్పులు పోసినట్టున్న వంటింట్లోంచి వచ్చి నూకరత్నం ఫోనెత్తింది. సింహాద్రి చేతులు జోడించి, నోటి మీద వేలేసుకుని, తల ఊపుతూ సైగలు చేశాడు. ఆమె సైగలు చూసే స్థితిలో లేదు.

"ఆయన నిక్షేపంలా ఉన్నాడే తల్లీ. మీ ఫోన్లతో వేగలేక నేను చచ్చాను."

అయిదు నిమిషాల్లో ఆమె మరణానికి చింతిస్తూ సందేశం వచ్చింది. నూకరత్నం చదువుకుని, అరుగు మీద కూలబడింది.

"ఏమయ్యా, ఇద్దరం ఒకేసారి పోయాం" అంది. "పుణ్యస్త్రీగా పోయాననుకోవాలా, విధవగా పోయాననుకోవాలా?"

సింహాద్రి లెక్క వేసి, ఒక రోజు తేడా ఉందని చెప్పాడు. ఆ తర్వాత ఆమె అతనితో సాయంత్రం దాకా మాట్లాడలేదు.

కానీ ఆ రెండో చావే పని చేసింది. ఒకే ఇంట్లో రెండు రోజుల్లో రెండు మరణాలు నమోదైతే క్షేత్రస్థాయి పరిశీలన తప్పనిసరి. పురస్కారం కమిటీ వచ్చే ముందు కాయితాలు శుభ్రంగా ఉండాలి కాబట్టి విభాగాధిపతే స్వయంగా విచ్చేస్తారని, మృతులిరువురూ గురువారం ఉదయం పది గంటలకు అందుబాటులో ఉండవలెనని సందేశం వచ్చింది.

సింహాద్రి ఆ సందేశం చదివి, గోడ మీదున్న పంచాంగం తీసి తిథి చూశాడు. వేళ్ళ మీద ఏదో లెక్కపెట్టుకున్నాడు. గురువారం పదింటికి నది పాటు మీద ఉంటుంది. నీళ్ళు సముద్రంలోకి లాగేసి, నది మధ్యలో ఇసుకమేట మోకాలి లోతుకి తేలుతుంది.

*

హేరంబమూర్తి తెల్లటి చొక్కాతో, నల్లటి ఫైలుతో, కారు దిగాడు. రేవు గట్టు మీద సింహాద్రి దంపతులు నిమ్మకాయ షర్బత్తుతో ఎదురెళ్ళారు. మృతులు స్వాగతము పలుకుట నిబంధనలలో లేదని ఆయన షర్బత్తు తిరస్కరించి, అవతలి ఒడ్డున కొత్తలంకలో మృతుల ఇల్లు పరిశీలించడానికి పంటు ఎక్కాడు. అప్పటికే పాతిక మంది జనం, నాలుగు మోటారు సైకిళ్ళు, ఒక అరటిగెలల వ్యాను ఎక్కి ఉన్నాయి. ఆయనకి మధ్యలో ప్లాస్టిక్ కుర్చీ వేశారు.

సింహాద్రి చెప్పవలసింది చెప్పాడు. ఇప్పుడు పాటు నడుస్తోందని, మేట మీద నీళ్ళు లేవని, గంటన్నర ఆగితే పోటు ఎక్కుతుందని, అంత తొందరైతే మేట పక్క పాయలోంచి తాను నడుపుతానని, ఆ దారి తనకి కళ్ళు మూసుకున్నా తెలుసని వివరించాడు.

"ఫిట్‌నెస్ లేని వ్యక్తి, అందునా దివంగతుడు, చుక్కాని పట్టుట ద్వంద్వ ఉల్లంఘన. బయలుదేరవలెను" అన్నాడు హేరంబమూర్తి.

సింహాద్రి రెండోసారి చెప్పలేదు. ఎందుకు చెప్పలేదని తర్వాత ఎవరడిగినా, పోయినవాడి మాట ఎవరు వింటారండి అనేవాడు.

చిట్టెయ్య ఇంజను తిప్పాడు. పట్నం నుంచి ఆఫీసరు వచ్చాడని కొత్త చొక్కా వేసుకున్నాడు, కొత్త ఉత్సాహం మీదున్నాడు. నది మధ్యకి వస్తుండగా హేరంబమూర్తి తన ఫోను తీసి, హృదయదూత తెరిచి, తన పేరుతో ప్రవేశించి, పరిశీలన నివేదిక చెప్పడం మొదలెట్టాడు. ఏ పరిశీలన అయినా అక్కడికక్కడే, సొంత గొంతుతో నమోదు చెయ్యాలన్నది ఆయన పెట్టిన నిబంధనే.

"హేరంబమూర్తి అను నేను, గురువారము ఉదయము పది గంటల ఇరువది నిమిషములకు, నదీ మధ్యభాగమున నౌకయందు ఆసీనుడనై తెలియజేయునది ఏమనగా, వాతావరణము ప్రశాంతముగా నున్నది. మృతులిరువురును నాకు ఎదురుగా కూర్చుండి వేరుశనగలు భుజించుచున్నారు…"

పంటు కింద బర్రుమని చప్పుడయింది.

"…నౌక స్వల్ప ఘర్షణకు గురియైనది. సదరు ఘర్షణను చాలకుడు పరిశీలించుచున్నాడు…"

చాలకుడు పరిశీలించడం లేదు, వీడియో తీస్తున్నాడు. పంటు ఇంకో పది గజాలు ఇసుకలోకి దూసుకెళ్ళి, కుడివైపుకి ఒరిగింది. వ్యాన్లోంచి అరటిగెల ఒకటి జారి దొర్లుకుంటూ వచ్చింది.

"…నౌక కుడి పార్శ్వమునకు వంపు తిరుగుచున్నది. కదళీ ఫలములు స్థానచలనము…"

ప్లాస్టిక్ కుర్చీ కదిలింది. జనం అలవాటుగా కమ్మీలు పట్టుకున్నారు. హేరంబమూర్తికి కమ్మీ అందలేదు. కుర్చీ, ఫైలు, ఆయన, అరటిగెల, నాలుగూ కలిసి నున్నటి ఇనపరేకు మీద జర్రున జారుతూ నీళ్ళ వైపు బయలుదేరాయి. ఫోను మాత్రం చేతిలోనే ఉంది.

"ఓరి నాయనోయ్. చచ్చాన్రా దేవుడోయ్."

ముప్ఫై ఏళ్ళ తర్వాత ఆయన నోట వెలువడ్డ మొదటి మామూలు తెలుగు వాక్యం అది. స్పష్టంగా, గొంతు నిండుగా వచ్చింది.

కుర్చీ అంచు పలకకి కొట్టుకుని ఆగింది. ఆయన కళ్ళు తెరిచి చూస్తే, జానెడు దూరంలో, ఒక తెల్ల కొంగ నీళ్ళలో నిలబడి ఉంది. నీళ్ళు దాని మోకాళ్ళ దాకా కూడా లేవు.

చేతిలో ఫోను తీయగా మాట్లాడింది. "మీరు చెప్పింది నమోదైంది. గౌరవనీయులైన హేరంబమూర్తి గారికి, మీ మరణానికి మిక్కిలి చింతిస్తున్నాము. మా సేవలకు మీరు ఎన్ని నక్షత్రాలు ఇస్తారు?"

నూకరత్నం ఒక వేరుశనక్కాయ ఒలిచింది. ఆ చప్పుడు అందరికీ వినబడింది.

హేరంబమూర్తి లేచి, చొక్కా దులుపుకుని, ఫోనులోకి, నేను జీవించియున్నాను అని గంభీరంగా ప్రకటించాడు. ఫోను ఆయన్ని యాప్‌లోంచి బయటికి పంపేసింది. ఆఫీసుకి ఫోను చేశాడు. ఆయన చేతి కింద గుమస్తా ఎత్తి, అంతా విని, వినయంగా, అయ్యా, మరణానంతరం పలికిన మాట సిబ్బంది మాట కాజాలదు కదండీ, సర్క్యులర్ పదిహేడు మీదే కదండీ అన్నాడు. మీ బాధ్యతలు సీనియారిటీ ప్రకారం డాక్టర్ వసుంధర గారికి వెళ్ళిపోయాయండి, మీ గది తాళం కూడా ఇచ్చేశామండి, మీ ఆత్మకి శాంతి కలగాలండి అని ముగించాడు.

ఇంటికి చేశాడు. పరామర్శ విభాగం అప్పటికే భార్యకి ఫోను చేసిందట. దుఃఖం ఎంతని అడిగిందట.

"నువ్వేం చెప్పావు?" అన్నాడు హేరంబమూర్తి.

మూడు అని చెప్పానంది ఆవిడ.

ఈలోగా సింహాద్రి లేచి, తువ్వాలు నడుముకి బిగించి, చిట్టెయ్య దగ్గరికి వెళ్ళాడు. చిట్టెయ్య పక్కకి జరిగాడు. హేరంబమూర్తికి అంత స్థితిలోనూ ఒళ్ళు మండింది. ఆగుము, ఇది ద్వంద్వ ఉల్లంఘన అన్నాడు.

"మీరు పోయారు కదండీ" అన్నాడు సింహాద్రి మెల్లగా. "పోయినవాళ్ళ ఉత్తర్వు చెల్లదండి. పోయినోడికి పోయినోడు అడ్డం చెప్పాలని సర్క్యులర్లో ఎక్కడా లేదు కదండీ."

హేరంబమూర్తి ఆలోచించాడు. నిజంగానే లేదు.

పోటు ఎక్కేదాకా చేసేదేం లేదు. అందరూ కూర్చున్నారు. అరటిగెల వ్యాను డ్రైవరు పళ్ళు పంచాడు. అరగంట తర్వాత హేరంబమూర్తి వచ్చి, సింహాద్రి పక్కన చెక్క మీద చతికిలబడ్డాడు. నూకరత్నం షర్బత్తు ఇస్తే ఈసారి గటగటా తాగేశాడు.

"ఇప్పుడేం చెయ్యాలయ్యా?" అన్నాడు. ఆ మాటలో ఒక్క 'వలెను' కూడా లేదు.

"మనిద్దరిదీ ఒకే కేసండి" అన్నాడు సింహాద్రి నది వైపు చూస్తూ. "నాకు ఏది రాస్తే మీకూ అదే."

పొరపాటు జరిగింది అని ఒక్క మాట రాస్తే సరిపోతుందని సింహాద్రి సలహా. హేరంబమూర్తి ససేమిరా అన్నాడు. యంత్రం పొరబడదు, నిఘంటువు పొరబడదు, పొరపాట్ల సంఖ్య సున్నా అని కమిటీకి రాసిచ్చారు. పోయాక కూడా పొరపాటు అన్న మాట కింద సంతకం పెట్టనన్నాడు. అయితే ఆయనలో ఉత్తర్వులు రాసే మనిషి ఇంకా కొనప్రాణంతో ఉన్నాడు. అరటిగెలల లోడు చీటీ వెనక్కి తిప్పి, మోకాలి మీద పెట్టుకుని, సర్క్యులర్ పద్దెనిమిది రాశాడు. మరణించినవారు ఇకపై రెండు రకములు: సంపూర్ణ మృతులు, కొనసాగుచున్న మృతులు. రెండవ రకమువారికి జీవించియున్నప్పుడు గల సమస్త హక్కులును, సేవలును, ధ్రువపత్రములును యథావిధిగా వర్తించును.

చీటీ ఫోటో తీసి డాక్టర్ వసుంధరకి పంపారు. ఆమె రెండు నిమిషాల్లో సంతకం పెట్టి, తొంభై రోజుల లెక్కలో మరణించిన రోజులు కూడా కలుస్తాయని ఒక వాక్యం సొంతంగా చేర్చింది. నర్సులిద్దరి పేర్లూ కింద రాసింది.

పన్నెండింటికి నీళ్ళు కొంగ కడుపుకి తగిలాయి. అది ఎగిరిపోయింది. సింహాద్రి కాళ్ళకింద పంటు కాస్త తేలిక కావడం కనిపెట్టి, వెనక గేరు వేసి, చుక్కాని ఎడమకి కొట్టి, పాయలోకి దింపాడు. ఎవరి చేతిలో అరటిపండూ కదల్లేదు.

*

శుక్రవారం మధ్యాహ్నం మూడున్నరకి పత్రం వచ్చింది. ముద్రలు, సంతకాలు అన్నీ ఉన్నాయి. సింహాద్రి దాన్ని అచ్చు వేయించుకుని రేవు కాంట్రాక్టరు ముందు పెట్టాడు. కాంట్రాక్టరు పైకే చదివాడు.

"కీర్తిశేషులు ఓలేటి సింహాద్రి గారు పంటు నడుపుటకు సంపూర్ణ శారీరక యోగ్యత కలిగియున్నారని ఇందుమూలముగా ధ్రువీకరించడమైనది. వారి గుండె సక్రమముగా పనిచేయుచున్నది. వారి మృతి కొనసాగుచున్నది."

కాంట్రాక్టరు మొదటి మాట దగ్గరికి మళ్ళీ వెళ్ళాడు. ఇదేంటని అడిగాడు. ఆఫీసువాళ్ళ మర్యాదండి, ఊరికే రాయరండి అన్నాడు సింహాద్రి. కాంట్రాక్టరు ఆ మర్యాదకి కొంచెం అసూయపడి, తన పేరుకి ముందు కూడా అలా రావాలంటే ఎవర్ని కలవాలని అడిగి, తాళంచెవి ఇచ్చేశాడు. చిట్టెయ్య తాడు పట్టే పనిలోకి మారాడు. అతనికి ఇప్పుడు రెండు చేతులూ ఖాళీ లేవు.

హేరంబమూర్తి తన కుర్చీలోకి తిరిగి వచ్చాడు. తలుపు మీది పలకలో పేరు ముందు ఒక మాట పెరిగింది. ఇంట్లో మాత్రం, భోజనానికి వస్తున్నారా అంటే వస్తున్నానే అంటున్నాడని, దుఃఖం మూడు నుంచి అయిదుకి పెరిగిందని వసుంధర చెప్పింది.

శనివారం ఉదయం ఏడింటికి పంటు నది మధ్యలో ఉంది. నూకరత్నం మొదటి ట్రిప్పులోనే ఎక్కి, చుక్కాని పక్కన మొగుడి నోటికేసి చూస్తూ కూర్చుంది. ఫోను మోగింది. జనం మాటలాపేశారు.

"కీర్తిశేషులు సింహాద్రి గారూ, శుభోదయం. ఈ రోజు ఎలా ఉన్నారు?"

ఎదురుగా గోదావరి నిండుగా ఎగదన్నుతోంది. అంత పోటు అతను ఆ వేసవిలో చూడలేదు. మాట నాలుక చివరిదాకా వచ్చేసింది. నూకరత్నం చెయ్యి అతని భుజం మీద పడింది.

సింహాద్రి గొంతు సవరించుకున్నాడు.

"యథాతథముగా నున్నాను" అని, పంటుని పోటు మీదకి తిప్పాడు.